ప్రభువుల మేడలు, వడ్రంగి బాకీలు

పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో కలవారి ఇంటికి కొత్త శోభ కావలసివస్తే టామస్ చిప్పెండేల్‌కు కబురు పోయేది. యార్క్‌షైరులోని ఆట్లీ అనే చిన్న ఊరిలో 1718లో ఒక వడ్రంగి ఇంట అతడు జన్మించాడు. లండను చేరి, 1754లో సెయింట్ మార్టిన్స్ లేన్‌లో కార్ఖానా తెరచి, ఆ యేడే కుర్చీలు, మేజాలు, బీరువాల నమూనాలను 160 రాగిరేకులపై చెక్కించి గ్రంథంగా ప్రకటించాడు. ప్రభువులే కాక తోటి వడ్రంగులు కూడ చందాదారులై దానిని కొన్నారు. మరుసటి యేడు కార్ఖానాకు నిప్పంటుకొని 22 మంది పనివారి పనిముట్ల పెట్టెలు బూడిదయ్యాయి. పని మాత్రం ఆగలేదు.

అతని పని కొయ్యతో ముగిసేది కాదు. గోడకాగితాలు, తెరలు, తివాసీలు, అద్దాలు, పరుపులతో సహా గదినంతటినీ అతడే అలంకరించి యిచ్చేవాడు. 1767 మొదలు హేర్‌వుడ్ భవనంలో చేసిన అలంకరణ వీటిలో మిన్న. అక్కడి దీర్ఘశాలలో కిటికీలపై వ్రేలాడే బరువైన పట్టుతెరల కుచ్చెళ్లు నిజానికి చెక్కి రంగు వేసిన కొయ్య! ఆ భవన యజమానులైన లాసెల్స్ వంశంవారి సిరి వెస్టిండీసులో బానిసల చెమటతో పండిన చెరకు నుండి వచ్చినదని కూడ చెప్పుకోవాలి.

నటుడు డేవిడ్ గారిక్ మంచానికి తెరలు మన కోరమాండల్ తీరంలో కలంతో చిత్రించి రంగులద్దిన బట్టలు. కలకత్తా వర్తకులు వాటిని కానుకగా పంపారు. స్వదేశపు ఉన్ని, పట్టు పరిశ్రమల రక్షణకై 1721లో చేసిన చట్టం అట్టి బట్టలను నిషేధించినందున 1775లో సుంకపు అధికారులు వాటిని పట్టుకొన్నారు. చివరకు అవి ఆ మంచానికే చేరాయి.

ఇంత పేరున్నా చేతిలో పైకం నిలువలేదు. సరుకు ముందుగా కొనాలి, పనివారికి కూలి వారంవారం ఇవ్వాలి, ప్రభువులు మాత్రం ఏండ్ల తరబడి చెల్లించరు. 1766లో భాగస్వామి జేమ్స్ రానీ మరణించడంతో ఇబ్బంది ముదిరింది. నాస్టెల్ భవనపు సర్ రోలండ్ విన్‌కు అతడు వ్రాసిన ఉత్తరాలు చాలవరకు డబ్బుకై చేసిన విన్నపాలే. పని ఆలస్యమవుతున్నదని విన్ కోపించేవాడు. ఆ కోపమూ నిష్కారణం కాదు. చిప్పెండేల్ తన వస్తువులపై ముద్ర వేసే అలవాటు లేనివాడు. నేడు ఫలానా కుర్చీ అతనిదని తేల్చేందుకు ఆధారం తరచు ఆ బాకీ చీటీలే.

1779 నవంబరులో క్షయవ్యాధితో అతడు మరణించాడు. తండ్రి పేరే గల పెద్దకుమారుడు కార్ఖానాను చేపట్టి, 1804లో దివాలా తీశాడు.