బాపట్ల కుర్రవాడు – తెనాలి సత్యభామ

బాపట్లలో 1920వ సంవత్సరంలో హరిశ్చంద్ర నాటకం పెట్టారు. అంతా సిద్ధమైంది గాని చంద్రమతి వేషం వేయవలసిన నటుడు రాలేదు. ఆ నాటకంలో చంద్రమతి లేకపోతే ఏముంది? మొదటి రంగాలు ఎలాగో దాటించవచ్చు. వారణాసి వీధిలో ఆలిని అమ్మే ఘట్టం, ఆ తరువాత కాటి సీను ఎవరితో నడిపిస్తారు? అప్పుడు ఊళ్లోని పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి చీర కట్టి రంగం మీదికి పంపారు. అతడే స్థానం నరసింహారావు. వచ్చినవారు మెచ్చుకున్నారు. రాని ఆ నటుడెవరో గాని, తెలుగు నాటకానికి తెలియకుండానే మేలు చేశాడు.

స్థానంవారు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో పుట్టారు. తండ్రి హనుమంతరావు, తల్లి ఆదెమ్మ. ఆ రోజుల్లో మర్యాదస్థుల ఇళ్ల ఆడవారు నాటకాల్లోకి రావడమన్నది లేదు. సీత అయినా, సావిత్రి అయినా మగవాడే కట్టాలి. పగలు మీసం దువ్వుకుని తిరిగే మనిషి రాత్రి గాజులు తొడుక్కోవాలి. చూసేవారికి అది వింత కాదు, కాని వేసేవాడికి ఎగతాళి తప్పదు. ఊళ్లో ఒక రాత్రి మెప్పు పొందడం వేరు, దాన్నే బ్రతుకు చేసుకోవడం వేరు. మొదటిదానికి గొంతు, ధైర్యం చాలు. రెండోదానికి ఒక జట్టు కావాలి.

పద్యనాటకం ఒంటరివాడి పని కాదు. హార్మోనియం వాయించేవాడు నటుడి శ్రుతి ఎరిగి ఉండాలి. నటుడు పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అతనికి ముందే తెలియాలి. తబలా పట్టినవాడు పాట నడకను కనిపెట్టి ఉండాలి. ఎదుటి వేషగాడు తన పద్యం అయిపోగానే పక్కకు తిరిగి చెమట తుడుచుకుంటూ కూర్చుంటే ఆడవేషం ఎంత బాగున్నా పండదు. మైకులు లేవు. గొంతు చివరి వరుసదాకా పోవాలి, అయినా ఆడదాని మాటలా వినిపించాలి. ఇదంతా ఒక్క రోజు రిహార్సలుతో కుదిరేది కాదు. ఒకే మనుషులు ఏళ్ల తరబడి కలిసి ఆడితేనే కుదురుతుంది.

ఆ జట్టు ఆయనకు తెనాలిలో దొరికింది. బాపట్లలో రైలెక్కితే నిడుబ్రోలు మీదుగా తెనాలి ఎంతో దూరం కాదు. అక్కడ శ్రీరామ విలాస సభ అనే నాటక సమాజం ఉండేది. మాధవపెద్ది వెంకట్రామయ్య వంటి గట్టి నటులు అందులో ఉండేవారు. తరువాత సినిమాలో లుబ్ధావధాన్లుగా పేరుపొందిన డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు కూడా తెనాలి రంగస్థలం మనిషే. ఈలపాట రఘురామయ్య పుట్టిన సుద్దపల్లి కూడా ఆ దాపులదే. తెనాలికి ఆంధ్రా పారిస్ అని పేరు వచ్చిందంటే ఊరికే రాలేదు. అటు బాపట్ల తాలూకా, ఇటు రేపల్లె తాలూకా, నడుమ తెనాలి. కోతలైపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న రోజుల్లో బండ్లు కట్టుకుని నాటకానికి పోవడం ఈ మూడు తాలూకాల వారికీ అలవాటు. పద్యం బాగుంటే వన్స్ మోర్, లేకపోతే ఈలలు. ఈ జనం దగ్గర మొహమాటాలు చెల్లవు.

సభలో చేరాక స్థానంవారు ఒకదాని తరువాత ఒకటిగా పాత్రలు పట్టుకున్నారు. సారంగధరలో చిత్రాంగి, విప్రనారాయణలో దేవదేవి, చింతామణి, రోషనార, కన్యాశుల్కంలో మధురవాణి. ఈ జాబితా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చిత్రాంగి, దేవదేవి, చింతామణి, మధురవాణి నలుగురూ మగవాడిని ఆకట్టుకునే స్త్రీలే. ఆ నలుగురికీ ఒకే నడక, ఒకే చూపు వాడేస్తే మూడో నాటకానికి జనం లేచిపోతారు. ఆయన చీర కట్టులో, నడకలో, కంటి చూపులో ఒకరికొకరికి పోలిక లేకుండా చేశారు. చింతామణి వేరు, మధురవాణి వేరు అని చదువురాని ప్రేక్షకుడికి కూడా అర్థమయ్యేది.

అన్నిటికీ మించింది సత్యభామ. శ్రీకృష్ణ తులాభారం నాటకం ముత్తరాజు సుబ్బారావు రాసినది. కథ మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. సత్యభామ నారదుడి మాట విని భర్తను దానమిస్తుంది, తిరిగి దక్కించుకోవడానికి నగలన్నీ తక్కెడలో వేసినా చాలవు, రుక్మిణి వేసిన తులసిదళానికి తక్కెడ తూగుతుంది. నాటకం పండాలంటే సత్యభామ గర్వం ముందుగా ప్రేక్షకుడి కంటికి కట్టాలి. ఎంత ఎత్తుకు ఎక్కితే పడేటప్పుడు అంత దెబ్బ. ఆ గర్వం కోసం స్థానంవారు స్వయంగా ఒక పాట రాసుకున్నారు. అదే మీరజాలగలడా. కృష్ణుడు తన మాట దాటలేడన్న ధీమా తప్ప అందులో మరొకటి లేదు. ఆ ధీమాను ఆయన ఒకసారి కులుకుతో, ఒకసారి అలకతో, ఒకసారి అనుమానంతో చూపేవారు. అదే మాటను తిప్పి తిప్పి పాడుతూ ప్రతిసారీ కొత్త అభినయం పట్టేవారు. అటువంటి పాటకు పక్క వాద్యం వాయించడం తేలిక కాదు. నటుడు ఎప్పుడు ఎటు మళ్లుతాడో కనిపెట్టి వెంట నడవాలి. జట్టు గొప్పతనం తెలిసేది అక్కడే. పేరు మాత్రం వేషగాడికే పోతుంది. హార్మోనీ పెట్టె వెనక కూర్చున్నవారి పేర్లు ఎవరికి గుర్తుంటాయి?

బర్మాలో తెలుగువారు వేలాదిగా బ్రతికిన రోజులవి. 1938లో రంగూన్ ప్రజలు ఆయనకు బంగారు కిరీటం పెట్టి గౌరవించారు. 1942లో సత్యభామ సినిమాలో కూడా ఆ వేషం ఆయనే వేశారు. అప్పటికి ఆయన వయసు నలభైకి చేరువ. సినిమాలో స్త్రీ పాత్రలకు స్త్రీలు వచ్చి పదేళ్లు దాటింది. రంగస్థలం మీద దీపాల వెలుగులో దూరం నుంచి చూసే రూపం ఒకటి, కెమెరా దగ్గరగా చూపే ముఖం మరొకటి. తెర ఆయనకు రెండో ఇల్లు కాలేదు. ఇక నాటకాల్లోకి కూడా స్త్రీలు రాసాగారు. రావలసిందే, అందులో తప్పులేదు. కాని ఇరవై ఏళ్లు శ్రమించి నేర్చుకున్న విద్యకు వారసులు ఉండరని కళ్లముందే తెలుస్తుంటే ఆ నటుడికి ఎలా ఉంటుంది? ఆయన దాన్ని కాగితం మీద పెట్టారు. తన పాత్రల గురించి, అభినయం గురించి నటస్థానం అనే పుస్తకం రాశారు.

ప్రభుత్వం 1956లో పద్మశ్రీ ఇచ్చింది. 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమాగా వచ్చినప్పుడు అందులో జమున సత్యభామ, గొంతు సుశీలది, పాట మాత్రం అదే మీరజాలగలడా. ఆ సినిమా చూసిన పల్లెల్లో చాలామంది అది సినిమా పాట అనుకున్నారు. నాటకం ఎరిగినవారిలో కొందరు ముత్తరాజువారిదనుకున్నారు. బాపట్లవాడు ఒకడు తన వేషం కోసం తానే రాసుకున్నాడని చెప్పేవారు తక్కువ.

స్థానం నరసింహారావు 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు. 2022లో బాపట్ల వేరే జిల్లా అయింది, రేపల్లె అందులో కలిసింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల తిరునాళ్లకు తులాభారం ఇప్పటికీ ఆడుతున్నారు. సత్యభామ వేషం స్త్రీలే వేస్తున్నారు. పద్యాలు కొన్ని తగ్గించినా ఎవరూ పట్టించుకోరు గాని, ఆ పాట పాడకుండా వేషం లోపలికి పోతే మాత్రం జనం ఊరుకోరు.