తుప్పెరుగని ఉక్కు: హారీ బ్రియర్లీ

చింతపండు పులుసు లేని భోజనము మన సీమవారికి భోజనమే కాదు. ఆ పులుసును కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో కాచినచో చిలుము రుచి పట్టి నోట పెట్టరానిదగును. అందుచేతనే ఒకప్పుడు తిరుపతి, చిత్తూరు వీధులలో కళాయి వేయువాని కేక వినబడగానే ఇల్లాండ్రు గిన్నెలతో వాకిట నిలుచుండెడివారు. నేడా కేక అరుదైనది. మన వంటయిండ్లలో ఉక్కు పాత్రలు వరుసతీరినవి. పులుసన్నను, నిమ్మరసమన్నను వానికి భయము లేదు. ఈ భాగ్యము వెనుక ఒక పేదయింటి బాలుని జీవితమున్నది.

హారీ బ్రియర్లీ 1871 ఫిబ్రవరి 18న ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున జన్మించినాడు. కత్తులకు, ఉక్కుకు పేరుమోసిన ఊరది. తండ్రి ఉక్కు కరగించు కార్మికుడు. హారీ పన్నెండవ యేటనే బడి మాని, తండ్రి పనిచేయు ఫర్త్ కార్ఖానాలో చేరినాడు. పిదప అచ్చటి రసాయనశాలలో సీసాలు కడుగు పనికి కుదిరినాడు. ఆ శాలలోని రసాయనజ్ఞుడు జేమ్స్ టేలర్ ఈ కుర్రవాని జిజ్ఞాసను కనిపెట్టి గణితము నేర్పినాడు. తక్కిన విద్యను రాత్రిబడులు, స్వయంపఠనము సమకూర్చినవి. సీసాలు కడుగు పిల్లవానియందు శాస్త్రజ్ఞుని చూడగలిగిన ఆ టేలరును ఉపాధ్యాయులమైన మనము మరువరాదు.

1908లో ఫర్త్, జాన్ బ్రౌన్ సంస్థలు రెండును కలిసి ఒక పరిశోధనశాలను నెలకొల్పి దానికి బ్రియర్లీని అధిపతిగా నియమించినవి. 1912లో ఆయనకొక సమస్య ఎదురైనది. తుపాకి పేల్చినప్పుడెల్ల పుట్టు వేడికి గొట్టము లోపలివైపు అరిగిపోవుచుండెను. ఆ అరుగుదలను తట్టుకొను ఉక్కు కావలెను. ఆయన క్రోమియము పాళ్లు మార్చి మార్చి ఉక్కులు పోయించినాడు. 1913 ఆగస్టు 13న పోసిన ఉక్కులో క్రోమియము నూటికి 12.8 పాళ్లు, కర్బనము 0.24 పాలు ఉండినవి.

ఉక్కు లోపలి కూర్పును సూక్ష్మదర్శినిలో చూడవలెనన్న, ముందుగా ముక్కను గరుకు కాగితముపైనను, పిదప నున్నని కాగితములపైనను రుద్దవలెను. కాగితము మార్చినప్పుడెల్ల రుద్దు దిక్కును గూడ మార్చి, పాత గీతలు మాయమగువరకు రుద్దుదురు. ముక్క అద్దమువలె మెరసిన పిమ్మట నత్రికామ్లము తగిలింతురు. ఆమ్లము పైపొరను కొంచెము తినగా లోహకణముల హద్దులు బయటపడును. కాని ఈ ఉక్కును ఆ ఆమ్లము సరిగా తినలేదు. పరీక్ష చెడినదని మరొకడు ఆ ముక్కను పారవేసియుండును. బ్రియర్లీ అట్లు చేయలేదు. వెనిగరుతోను, నిమ్మరసముతోను పరీక్షించినాడు. ఉక్కు చెక్కుచెదరలేదు. క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కూడి కంటికి కానరాని పలుచని పొరగా ఏర్పడి లోహమును కాచును. గీత పడినను ఆ పొర మరల తనంతట తానే ఏర్పడును.

ఇది తుపాకికంటె భోజనపు కత్తికే తగినదని ఆయనకు తోచినది. యజమానులు ఆసక్తి చూపలేదు. కత్తులు చేయువారు మొదట ఈ ఉక్కుకు పదును పెట్టలేక, కోయని కత్తుల సృష్టికర్త అని ఎగతాళి చేసినారు. ఎర్నెస్ట్ స్టూవర్ట్ అను కత్తుల కార్ఖానా నిర్వాహకుడు పట్టుదలతో పని సాధించి, మరకపడనిది అను అర్థమిచ్చు స్టెయిన్‌లెస్ అను పేరును రూఢి చేసినాడు. ఇంతలో హక్కుల విషయమై యజమానులతో తగవు వచ్చి బ్రియర్లీ ఆ సంస్థను వదలినాడు.

న్యాయముగా మరొక మాట చెప్పవలెను. ఈ కీర్తి ఆయన ఒక్కనిదే కాదు. 1912లోనే జర్మనీలోని క్రుప్ సంస్థలో స్ట్రాస్, మౌరర్ అనువారు నికెలు కూడ చేర్చిన ఉక్కుకు హక్కుపత్రములు కోరియుండిరి. షెఫీల్డులో బ్రియర్లీ స్థానమునకు వచ్చిన హాట్‌ఫీల్డ్ 1924లో క్రోమియము 18, నికెలు 8 పాళ్లుగల ఉక్కును రూపొందించినాడు. మన పళ్లెములలోను, గ్లాసులలోను పెక్కింటికి ఈ ఉక్కే మూలము.

బ్రియర్లీ నేర్చిన పాఠమును మన విద్యార్థులు ఇంటనే చేసి చూడవచ్చును. కొన్ని ఉక్కు పాత్రలు అద్దమువలె మెరయక, ఒకే దిక్కుగా సాగిన సన్నగీతలతో పట్టుబట్టవలె నిగనిగలాడును. ఆ మెరుగు గీతలు లేకపోవుటచే కాదు, గీతలన్నియు ఒకే బాట పట్టుటచే వచ్చినది. అట్టి పళ్లెముపై అడ్డగీత పడినచో, ముందు జిడ్డు కడిగి, వెలుతురున పాత గీతల దిక్కు చూడవలెను. 180 నంబరు నీటి ఉప్పుకాగితమును చెక్కముక్కకు చుట్టి, తడిపి, ఆ దిక్కుగానే ఈ చివరినుండి ఆ చివరికి ఒకే ఒత్తిడితో లాగవలెను. గుండ్రముగా రుద్దరాదు. ఒక్కచోటనే రుద్దినచో అది అతుకువలె కనబడును. పిదప 240 నంబరు కాగితముతో అట్లే చేసి, కడిగి, తుడిచి ఆరబెట్టవలెను. ఇనుప పీచు మాత్రము తగులనీయరాదు. దాని తునుకలు అంటుకొని తుప్పుపట్టగా, జనులు పాత్రనే నిందింతురు.

బ్రియర్లీకి 1920లో బెస్సెమర్ స్వర్ణపతకము లభించినది. 1941లో స్వీయచరిత్ర వెలువడినది. 1948 జూలై 14న ఆయన కన్నుమూసినాడు. ఆయన జీవితమున మలుపు తెచ్చినది పెద్ద యంత్రము కాదు, ఆశించినట్లు మారని చిన్న ఉక్కుముక్క. రేపు మన తరగతిలో ఏ ప్రయోగమైనను అనుకొన్నట్లు జరుగనిచో, దానిని తుడిచివేయకముందు పిల్లలను ఒక్కసారి దగ్గరగా చూడనిత్తము.