టారో బొమ్మల వెనుక మరుగున పడిన పేరు: పమేలా కోల్‌మన్ స్మిత్

టారో కార్డులు అనగానే చాలామంది కళ్లముందు మెదిలే బొమ్మలు ఒకే చేతి గీతలు. ఆ చేయి పమేలా కోల్‌మన్ స్మిత్‌ది. 1909 డిసెంబరులో లండన్‌లో వెలువడిన ఆ కార్డుల కట్ట మాత్రం దశాబ్దాల పాటు 'రైడర్-వెయిట్' పేరుతోనే చలామణీ అయింది. రైడర్ ప్రచురణ సంస్థ. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆ కట్టకు రూపకల్పన చేసిన మార్మిక శాస్త్ర పండితుడు. బొమ్మలు గీసిన మనిషికి ఆ పేరులో చోటు దక్కలేదు.

పమేలా 1878 ఫిబ్రవరి 16న లండన్‌లో అమెరికన్ దంపతులకు జన్మించారు. బాల్యం మాంచెస్టర్‌లోను, జమైకాలోను గడిచింది. 1893లో బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడి గురువు ఆర్థర్ వెస్లీ డౌ జపాన్ చెక్క అచ్చు చిత్రాల అభిమాని. ప్రకృతిని అనుకరించడం కన్నా గీతను, వెలుగునీడలను, రంగును పొందికగా అమర్చడమే ముఖ్యమని ఆయన బోధించేవారు. పమేలా పట్టా పుచ్చుకోకుండానే చదువు ముగించినా, ఆ పాఠం ఆమె గీతలో నిలిచిపోయింది.

21 ఏళ్లు వచ్చేసరికి ఆమె తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయారు. అనంతరం లండన్‌లో హెన్రీ ఇర్వింగ్, ఎలెన్ టెర్రీల లైసియం నాటక బృందం ఆమెకు మరో కుటుంబమైంది. కవి యేట్స్ పరిచయంతో 1901లో 'గోల్డెన్ డాన్' అనే రహస్య సంఘంలో చేరారు. వెయిట్ పరిచయం అక్కడిదే.

1909లో ఆమె కొన్ని నెలల వ్యవధిలోనే 78 కార్డులకు బొమ్మలు వేశారు. 22 ప్రధాన కార్డులపై వెయిట్ శ్రద్ధ పెట్టారని, మిగిలిన 56 చాలావరకు ఆమె ఊహకే విడిచిపెట్టారని పరిశోధకుల అభిప్రాయం. అసలు విశేషం ఆ 56లోనే ఉంది. అంతకుముందు చాలా కట్టల్లో అవి పేకముక్కల్లాగే ఉండేవి: ఐదు పాత్రలు, ఏడు కత్తులు, అంతే. 15వ శతాబ్దపు ఇటలీకి చెందిన సోలా బుస్కా కట్ట ఇందుకు మినహాయింపు. దాని ఛాయాచిత్రాలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. హృదయంలో దిగిన మూడు కత్తుల బొమ్మకు మూలం అదే. అయితే అన్ని కార్డులకూ అలాంటి ఆధారం లేదు.

దళసరి నల్లగీత, నీడలు లేని రంగు, అవసరమైనంత నేపథ్యం: ఆమె పద్ధతి ఇదే. అనేక కార్డుల్లో పాత్రలు రంగస్థలంపై నిలబడినట్టు, వెనుక తెర వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. నాటకశాల అనుభవం వృథా పోలేదు. పది కర్రల మోపు మోసే మనిషి ముఖం కనిపించదు. వంగిన వీపే బరువు చెబుతుంది. ఐదు నాణేల కార్డులో ఇద్దరు నిరుపేదలు వెలుగుతున్న చర్చి కిటికీ కింద మంచులో నడిచిపోతుంటారు. జోస్యంపై నమ్మకం లేనివారికీ ఆ బొమ్మ అర్థమవుతుంది. నేడు నాలుగైదు గీతలతో రూపొందిస్తున్న నిరాడంబర కట్టలు అనేకం ఈ భంగిమలనే కుదించుకున్నవి.

ఇంత పనికీ దక్కింది స్వల్ప మొత్తం. 1909 నవంబరులో న్యూయార్క్‌లోని ఛాయాచిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కు రాసిన లేఖలో, పెద్ద పని పూర్తయిందని, డబ్బు మాత్రం చాలా తక్కువని ఆమె చెప్పుకున్నారు. రెండేళ్ల ముందు తన గ్యాలరీలో ఆమె చిత్రాలను ప్రదర్శించింది ఆయనే.

పమేలా 1911లో క్యాథలిక్ మతం స్వీకరించి, తర్వాత కార్న్‌వాల్‌లో స్థిరపడ్డారు. 1951 సెప్టెంబరు 18న బ్యూడ్ పట్టణంలో మరణించారు. అప్పులు తీర్చేందుకు ఆమె వస్తువులను వేలం వేశారు. కార్డుల మూలచిత్రాల ఆచూకీ నేటికీ తెలియదు. ఇటీవలి దశాబ్దాల్లో ఆ కట్టను 'రైడర్-వెయిట్-స్మిత్' అని పిలవడం మొదలైంది. తన పేరులోని తొలి అక్షరాలను పాములా మెలిపెట్టి ఆమె చేసిన సంతకం మాత్రం 1909 నుంచీ ఆ కార్డుల మూలల్లోనే ఉంది.