చెట్టు చుట్టూ రైలు నడిపిన జాషువా లయనెల్ కోవెన్

చిన్నారులూ! మన రైసూత్‌లో ఓడలున్నాయి, కంటైనర్లు ఎత్తే పెద్ద పెద్ద క్రేన్లున్నాయి. రైలు మాత్రం లేదు. సెలవులకి ఇండియా వెళ్తేనే మీకు రైలెక్కే అవకాశం. అందుకేనేమో, క్రిస్మస్ చెట్టు చుట్టూ బొమ్మ రైలు తిరుగుతుంటే మీతోపాటు పెద్దలం మేమూ అక్కడే నిలబడిపోతాం. ఆ రైలుకి చెట్టు కింద చోటు సంపాదించిపెట్టినవారిలో ముఖ్యులు జాషువా లయనెల్ కోవెన్. ఈసారి ఆయన కథ చెప్పుకుందాం.

కోవెన్ 1877 ఆగస్టు 25న న్యూయార్క్‌లో జన్మించారు. తల్లిదండ్రులు వలస వచ్చిన యూదులు. తొమ్మిదిమంది సంతానంలో ఈయన ఎనిమిదోవారు. ఏడేళ్ల వయసులో చెక్క రైలుకి ఆవిరి ఇంజను బిగిస్తే అది కాస్తా పేలిపోయిందని చెబుతారు. కాలేజీలో చేరారు గాని చదువు పూర్తి చేయలేదు. ధ్యాసంతా యంత్రాల మీదే! 1899లో ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్ పొడిని వెలిగించే పరికరానికి పేటెంటు పొందారు. 1900లో ఒక మిత్రుడితో కలిసి తన పేరులోని లయనెల్ అనే మాటతోనే కంపెనీ పెట్టారు.

ఫ్యాను కోసం తయారుచేసిన చిన్న మోటారుని ఒక చెక్క పెట్టెకి అమర్చి, 1901లో పట్టాల మీద నడిపారు. దుకాణం అద్దాల వెనుక అది తిరుగుతుంటే జనం ఆగి చూస్తారని, లోపలి సరుకు కొంటారని ఆలోచన. కాని వచ్చినవాళ్లు సరుకు వదిలేసి ఆ రైలునే అడిగారు! కోవెన్ జీవితం ఆ మలుపు తిరిగింది.

1906లో ఆయన మూడు పట్టాల పద్ధతి తెచ్చారు. మధ్య పట్టాలో కరెంటు వస్తుంది, పక్క పట్టాల ద్వారా తిరిగి వెళుతుంది. అందువల్ల దారి మెలిక తిరిగి తనలోనే కలిసినా షార్ట్ అవదు. ఇంటి కరెంటుని తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లూ అమ్మారు. పెద్ద దుకాణాలవాళ్లు తమ క్రిస్మస్ చెట్ల కింద రైళ్లు నడిపేలా ఒప్పించారు. దుకాణంలో చూసిన పిల్లలు ఇంట్లోనూ కావాలన్నారు. యూదుల ఇంట పుట్టిన ఆయన చేసిన బొమ్మ అలా క్రైస్తవుల పండుగలో భాగమైపోయింది.

కష్టాలూ వచ్చాయి. ఆర్థిక మాంద్యంలో, 1934లో, కంపెనీ కోర్టు పర్యవేక్షణలోకి వెళ్లింది. మిక్కీ, మిన్నీ తోసే 1 డాలరు బండి రెండున్నర లక్షలకు పైగా అమ్ముడయింది. కొత్త నమూనా రైళ్లూ తోడై, 1935లో కంపెనీ గట్టెక్కింది. యుద్ధం వల్ల 1942లో బొమ్మలు ఆపి నౌకాదళానికి దిక్సూచులు చేశారు. 1946లో పొగ వదిలే ఇంజను తెచ్చారు. తర్వాత కొన్నేళ్లు ఎదురులేదు. 1950ల చివరికి పిల్లల మనసు ఇతర ఆటల మీదికి మళ్లింది. 1959లో ఆయన తన వాటా అమ్మేశారు. 1965 సెప్టెంబరు 8న, 88వ ఏట కన్నుమూశారు. లయనెల్ రైళ్లు మాత్రం నేటికీ వస్తున్నాయి.

ఇంట్లో కరెంటు రైలు పెట్టుకునేవారికి నాలుగు మాటలు. పట్టాలు చదునైన పలక మీద, గట్టిగా కలిపి వేయండి. చెట్టు మీది తళుకు తీగ పట్టాల మీద పడితే షార్ట్ అవుతుంది, రోజూ చూసుకోండి. పట్టాలని మెత్తటి గుడ్డతో తుడవాలి, ఇనుప పీచు వాడకూడదు. దాని రజను మోటారులోకి పోతుంది. ఇరుసులకి ఒక్క చుక్క నూనె చాలు. ప్లగ్గు పెట్టే పని పెద్దలదే.

చెట్టు లేని ఇంట్లోనూ రైలుకి చోటుంది. మన బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మల ముందు నుంచి ఒక రైలు పోతే ఎంత బాగుంటుంది! వలస వచ్చినవారి బిడ్డ చేసిన బొమ్మని ఒక దేశమంతా తన పండుగలో చేర్చుకుంది. పరాయి దేశంలో పెరుగుతున్న మన పిల్లల చేతుల్లోంచి రేపు ఏమి వస్తుందో ఎవరు చెప్పగలరు?