తొరపల్లి మునసబు కుమారుడు – ప్రపంచశాంతికై రాజాజీ దౌత్యం

హోసూరు సమీపాన తొరపల్లి అనే చిన్న గ్రామం ఉన్నది. తెలుగు, కన్నడ, తమిళ భాషలు మూడూ ఒకే సంతలో వినిపించే ఈ సరిహద్దు సీమలో 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి జన్మించారు. దేశమంతా ఆయనను రాజాజీ అని పిలిచింది. వారి ఇంటి భాష తమిళం, తల్లి పేరు సింగారమ్మ. తండ్రి చక్రవర్తి వేంకటార్య అయ్యంగారు ఆ ఊరి మునసబు. గ్రామంలో పుట్టిన చిన్న తగవులను ఇరుపక్షాల మాటా విని తీర్చడం మునసబు పని అని మన పెద్దలకు తెలియనిది కాదు. ఆ మునసబు కుమారుడు ఎనభైనాలుగవ ఏట రెండు మహారాజ్యాల తగవు విషయమై సముద్రాలు దాటి వెళ్ళిన వృత్తాంతం మాత్రం ఈ ప్రాంతంలోనే చాలామందికి తెలియదు.

రాజాజీ బాల్యంలో హోసూరు పాఠశాలలో చదువుకొని, బెంగుళూరు సెంట్రల్ కళాశాలలోనూ, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోనూ విద్య పూర్తిచేశారు. 1900 ప్రాంతంలో సేలంలో న్యాయవాదిగా స్థిరపడ్డారు. 1919లో గాంధీజీ పరిచయంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. వృత్తిని వదలి జాతీయోద్యమంలో ప్రవేశించారు. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించారు. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా మద్యనిషేధాన్ని మొట్టమొదట అమలుచేసింది సేలం జిల్లాలోనే. నేటి హోసూరు, కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోనివే. 1948 జూన్ నుండి 1950 జనవరి వరకు ఆయన గవర్నర్ జనరల్‌గా ఉన్నారు. ఆ పదవిని అలంకరించిన తొలి భారతీయుడు, కడపటి వ్యక్తి ఆయనే. 1954లో భారతరత్న పొందారు.

ఆగిపోయిన చర్చలను తిరిగి నడిపించే ప్రయత్నం రాజాజీకి కొత్త కాదు. 1942లో కాంగ్రెసు నాయకులందరూ ఒకవైపు ఉండగా, ముస్లింలీగుతో రాజీ కుదుర్చుకోవాలని వాదించి ఆయన ఒంటరి అయ్యారు. 1944లో ఆయన రూపొందించిన సూత్రం ఆధారంగానే ఆ సెప్టెంబరులో బొంబాయిలో గాంధీ–జిన్నా సంభాషణలు జరిగాయి. అవి ఫలించలేదు. సొంత పక్షంవారే నిందించినా, చర్చ ద్వారం మూయరాదన్న నమ్మకాన్ని మాత్రం ఆయన వదులుకోలేదు.

ఇక్కడ తెలుగువారి మనసులోని ఒక నొప్పిని దాచడం న్యాయం కాదు. 1952లో ఆయన మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే ఆంధ్రరాష్ట్రం కోరుతూ పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి డిసెంబరు 15న అసువులు బాశారు. మద్రాసు నగరం విషయంలో రాజాజీ పట్టు సడలించలేదు. పరుల తగవులలో రాజీ కోరిన మనిషి తన ముంగిట్లోని తగవులో అంత ఓర్పు చూపలేదన్న నింద ఆయనపై నిలిచిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆయన పుట్టిన హోసూరు సీమ తెలుగువారు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలారు. ఆ నిందను మరువకుండానే ఆయన చేసిన మేలును కూడా తూచవలసి ఉంటుంది.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దూరాన చేపలు పడుతున్న జపాను పడవపై విషధూళి కురిసింది. అందులోని 23 మంది జాలరులు జబ్బుపడగా, వారిలో ఒకరు ఆ ఏడే మరణించారు. యుద్ధం లేకుండానే, ఏ పక్షానికీ చెందని పేదవారు బలి అయ్యారు. ఆ ధూళిలోని స్ట్రాన్షియం అనే పదార్థం గడ్డిపై పడి, ఆవు పాలలో చేరి, పసిపిల్లల ఎముకలలో నిలుస్తుందని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. ఆ ఏప్రిల్‌లో ప్రధాని నెహ్రూ పరీక్షలను నిలిపివేయాలని పార్లమెంటులో కోరారు. నాటినుండి రాజాజీ కూడా రచనల ద్వారా, ఉపన్యాసాల ద్వారా అణ్వస్త్రాలను ఖండిస్తూ వచ్చారు.

1958 అక్టోబరు 31న అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దేశాలు పరీక్షల నిషేధంపై జెనీవాలో చర్చలు మొదలుపెట్టాయి. కొంతకాలం మూడు దేశాలూ పరీక్షలు ఆపివేశాయి. కాని తనిఖీ దగ్గర పీటముడి పడింది. భూమి లోపల జరిపే పేలుడును భూకంపం నుండి వేరుగా గుర్తించడం కష్టం గనుక, స్థలానికి వెళ్ళి చూడాలని అమెరికా పట్టుబట్టింది. తనిఖీ పేరిట గూఢచర్యం జరుగుతుందని సోవియట్ అనుమానించింది. 1960 మే నెలలో అమెరికా గూఢచారి విమానం సోవియట్ భూభాగంలో కూలడంతో పారిస్ శిఖరాగ్ర సభ భగ్నమైంది. 1961 సెప్టెంబరులో సోవియట్ తిరిగి పరీక్షలు ప్రారంభించింది. అక్టోబరు 30న పేల్చిన బాంబు బలం సుమారు 5 కోట్ల టన్నుల పేలుడు మందుకు సమానం. 1962 ఏప్రిల్‌లో అమెరికా కూడా ఆకాశంలో పరీక్షలకు దిగింది. జెనీవాలో భారత్‌తో సహా 8 తటస్థ దేశాలు మధ్యే మార్గాన్ని సూచించినా ముడి వీడలేదు.

ఈ పరిస్థితిలో 1962 జూన్‌లో గాంధీ శాంతి ప్రతిష్ఠానం ఢిల్లీలో అణ్వస్త్ర వ్యతిరేక సభ జరిపింది. ఆ కృషికి కొనసాగింపుగా రాజాజీ నాయకత్వంలో ఆర్.ఆర్. దివాకర్, బి. శివరావులతో కూడిన బృందం అమెరికాకు బయలుదేరింది. ఆ రోజులలో రాజాజీ నెహ్రూకు తీవ్ర రాజకీయ ప్రత్యర్థి. 1959లో ఆచార్య రంగా అధ్యక్షుడుగా స్వతంత్ర పార్టీని నెలకొల్పి కాంగ్రెసును ఎదిరిస్తున్నారు. అయినా అణుపరీక్షల విషయంలో ఇద్దరి మాటా ఒక్కటే.

1962 సెప్టెంబరు 28న వైట్‌హౌస్‌లో రాజాజీ బృందం అధ్యక్షుడు కెన్నెడీని కలిసింది. ఒకరికి 83 ఏళ్ళు నిండాయి, మరొకరికి 45. సంభాషణ అనుకున్న వేళను మించి సాగింది. పరీక్షలవల్ల వచ్చే విషం బాంబు లేని దేశాల ప్రజలు పీల్చే గాలిలో కూడా కలుస్తున్నదని, ఎవరో ఒకరు ముందుగా ఆపితేనే నమ్మకం పుడుతుందని రాజాజీ వాదం. తనిఖీ లేని ఒప్పందాన్ని నమ్మలేమన్నది అమెరికా వైఖరి. ఆనాడు ఒప్పందమేదీ కుదరలేదు. బృందం రిక్తహస్తాలతోనే తిరిగి వచ్చింది.

మూడు వారాలు గడవకముందే క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడి ప్రపంచం అణుయుద్ధపు అంచుకు చేరింది. అదే అక్టోబరులో మన హిమాలయ సరిహద్దులో చైనాతో యుద్ధం వచ్చింది. క్యూబా భయం ఇరుపక్షాల కళ్ళు తెరిపించింది. తనిఖీ చిక్కు ఉన్న భూగర్భ పరీక్షలను పక్కనబెట్టి, గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలను నిషేధిస్తూ 1963 ఆగస్టు 5న మాస్కోలో ఒప్పందం జరిగింది. మూడు రోజులకే భారత్ సంతకం చేసింది. ఇది రాజాజీ ఒక్కరి యాత్రాఫలం అనడం అతిశయోక్తి. ఎన్నో దేశాల ప్రజలు ఏళ్ళ తరబడి వినిపించిన గొంతులలో ఆయనది ఒకటి. అయితే చర్చలు చచ్చిపోయాయని అందరూ నిరాశపడిన వేళ వినిపించిన గొంతు అది.

1972 డిసెంబరు 25న మద్రాసులో తన 94 ఏళ్ళ జీవితాన్ని రాజాజీ ముగించారు. భూగర్భ పరీక్షలను కూడా నిషేధించే సమగ్ర ఒప్పందం 1996లో సిద్ధమైనా నేటికీ అమలులోకి రాలేదు. 1974లోనూ, 1998లోనూ పరీక్షలు జరిపిన భారతదేశం దానిపై సంతకం చేయలేదు. ఆయన కోరిన పని సగమే జరిగింది.

తొరపల్లిలో ఆయన పుట్టిన ఇల్లు స్మారకంగా నిలిచి ఉన్నది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తల్లిదండ్రులు తమ బిడ్డలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్ళడం మంచిది. గట్టు తగాదా అయినా, దేశాల తగాదా అయినా, మాటలు ఆగిపోయిన చోట మళ్ళీ మొదటి మాట పలికేవాడు కావాలి. ఆ మాట వెంటనే చెల్లకపోవచ్చు. పలకనిదే మాత్రం ముడి ఎన్నటికీ వీడదు.