రహీం సాబ్: భారత ఫుట్‌బాల్‌కు హైదరాబాద్ ఇచ్చిన ఉస్తాద్

మన ఫుట్‌బాల్ జట్టు ఏషియన్ గేమ్స్‌లో రెండుసార్లే గోల్డ్ గెలిచింది. ఆ రెండుసార్లూ కోచ్ ఒక్కరే, హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా టీచర్. పాఠం చెప్పే ఓపికనే గ్రౌండ్‌లోకి తెచ్చారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. బాల్‌ను ఒక్కరే అట్టిపెట్టుకుని ఆడితే ఆయన ఒప్పుకునేవారు కాదు. పాస్ ఇవ్వాలి, రెండు కాళ్లతోనూ ఆడటం రావాలి.

1951లో ఢిల్లీలో ఇరాన్‌ను 1-0తో ఓడించి ఇండియా మొదటి గోల్డ్ గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో కొందరు అప్పటికి ఒట్టి కాళ్లతోనే ఆడేవారు. రహీం సాబ్ కుంగిపోలేదు, జట్టును మళ్లీ కట్టారు. 1956 మెల్‌బోర్న్‌లో అదే ఇండియా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. చివరికి నాలుగో స్థానం దక్కింది.

1962 జకార్తా వెళ్లేనాటికి ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆటలకు రానివ్వకపోవడాన్ని మన అధికారి ఒకరు తప్పుపట్టడంతో అక్కడి జనం ఇండియాపై మండిపడుతున్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. రహీం సాబ్ అతణ్ని కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా దించారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాదీలు పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టులో ఉన్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. పీకే బెనర్జీ ఒక గోల్, తలకు కట్టుతో ఉన్న జర్నైల్ ఇంకో గోల్ కొట్టారు. 2-1తో గోల్డ్ మనదే.

పది నెలలు తిరక్కుండానే, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో. ఆయన జీవితంపై హిందీ సినిమా ‘మైదాన్’ 2024లో గానీ రాలేదు. అవార్డుల మాట ఎలా ఉన్నా, ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆయన తర్వాత ఇండియాకు ఇంకో గోల్డ్ రాలేదు.