మూడు సంపుటాలు, ఒకే అక్షరం: కొమర్రాజు లక్ష్మణరావు

అంబత్తూరు పారిశ్రామికవాడలో లేతు మీద పనిచేసే మనవాళ్లకు కొలత విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్క వెనక్కి వస్తుంది. పుస్తకాల పనిలో అంత పట్టుగా ఉన్న ఒక తెలుగాయన మనకు లోకల్ రైలు దూరంలోనే, ఎగ్మోరులో ఉండేవారు. ఆయన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు.

1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. అక్క బండారు అచ్చమాంబ నీడలో నాగపూర్‌లో చదువుకుని ఎం.ఏ. అయ్యారు. మరాఠీలోనూ రచయితగా పేరు తెచ్చుకున్నారు. తరువాత మునగాల రాజావారి దగ్గర దివానుగా చేరారు. ఉద్యోగం అదే అయినా, మనసంతా తెలుగులో లేని పుస్తకాల మీదే.

1906లో హైదరాబాదులో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. రెండేళ్లకు అది మద్రాసుకు వచ్చింది. చరిత్ర, విజ్ఞాన శాస్త్రం మామూలు చదువరికి అందేలా తెలుగులో రావాలన్నది వారి పట్టుదల. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్ర వెలుగు చూసింది ఈ మండలి ద్వారానే.

అసలు పెద్ద పని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ఇంగ్లీషులో బ్రిటానికా ఉన్నట్టు తెలుగుకూ ఒకటి కావాలనుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారు తోడయ్యారు. అయినా చాలా వ్యాసాలు లక్ష్మణరావుగారే రాశారు. వేదాల నుంచి గణితం దాకా ఏ విషయమైనా మూలగ్రంథాల దాకా వెళ్లి చూడాల్సిందే. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసి పేజీలు నింపడం సులువే. అలా చేసి ఉంటే సంపుటాలు చకచకా వచ్చేవి. 1915లో మొదటిది వచ్చింది, తర్వాత మరో రెండు. మూడూ కలిసి 'అ' దాటలేదు!

ఇంత పట్టుదల అవసరమా అని మనలో కొందరికి అనిపించవచ్చు. ఒక్క మనిషి, చేతిలో కొద్దిపాటి డబ్బు, ముందు యాభైకి పైగా అక్షరాలు. కొంచెం సర్దుకుని ఉంటే 'క' దాకానైనా వచ్చేవారేమో. కానీ తెలుగులో అదే మొదటి ప్రయత్నం. అందులో తప్పు పడితే, సరిచూసుకోవడానికి తెలుగులో మరో పుస్తకం లేదు. ఆ లెక్కన ఆయన నిదానమే సరైనదని మేమంటాం.

ఆయన ఇల్లు వేదవిలాస్ పండితులకు నిలయం. 1919లో వీరేశలింగంగారు కన్నుమూసింది ఆ ఇంట్లోనే. నాలుగేళ్లకు, 1923 జూలై 12న, లక్ష్మణరావుగారూ మద్రాసులోనే వెళ్లిపోయారు. నలభై ఆరేళ్లకే.

కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ పనిని అందుకుని 1930లలో మళ్లీ కొన్ని సంపుటాలు తెచ్చారు. ఆయనా 1938లో పోయారు. 1947లో మద్రాసులోనే ఏర్పడిన తెలుగు భాషా సమితి అకారాది క్రమం వదిలేసి, ఒక్కో శాస్త్రానికి ఒక్కో సంపుటం చొప్పున విజ్ఞాన సర్వస్వాన్ని అచ్చువేసింది.